ఫైబర్‌లో ఫెమ్టోసెకండ్ పల్సులను అధిక శక్తికి పెంచడం: 50 వాట్ల యిటర్బియం వ్యవస్థను కట్టే విధానం

యిటర్బియం అనే మూలకాన్ని కలిపిన గాజు ఫైబర్‌తో ఈ మార్గదర్శిలో కట్టబోయే లేజర్ వ్యవస్థ లక్ష్యాన్ని ముందే చెప్పుకుందాం. తరంగదైర్ఘ్యం 1030 నానోమీటర్లు, పల్స్ నిడివి 300 ఫెమ్టోసెకండ్లు (ఒక ఫెమ్టోసెకండ్ అంటే 10⁻¹⁵ సెకండు), ఒక్కో పల్స్‌లో 50 మైక్రోజౌళ్లు, సెకండుకు 10 లక్షల పల్సులు. అంటే సగటు శక్తి 50 వాట్లు. సగటు చూస్తే ఇది ఇంట్లో వాడే సీలింగ్ ఫ్యాన్ తీసుకునే కరెంటుకు మించదు. కానీ ఆ శక్తి అంతా 300 ఫెమ్టోసెకండ్లలో ఇమిడి ఉన్నందువల్ల పల్స్ శిఖరం దగ్గర శక్తి 150 మెగావాట్లు దాటుతుంది. గాజును పగుళ్లు రాకుండా కోయడానికైనా, కార్నియాలో పలుచని పొరను విడదీయడానికైనా పనికొచ్చేది ఈ శిఖర శక్తే. ఫైబర్‌ను నాశనం చేసేది కూడా ఇదే.

పాఠకులకు లేజర్ సూత్రాలు, ఫైబర్ స్ప్లైసింగ్ వంటి ప్రాథమిక పనులు తెలుసునని అనుకొని రాస్తున్నాను. ఒక్క జాగ్రత్తను మాత్రం మొదటే చెప్పాలి. 1030 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, అయినా రెటీనా దాకా చేరుతుంది. కనిపించని కాంతికి రెప్ప తనంతట తాను మూసుకోదు. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు పెట్టుకోకుండా, చేతికున్న ఉంగరం, వాచీ తీసేయకుండా బల్ల దగ్గరికి వెళ్లకండి.

మొదటి మెట్టు: కొనుగోలుకు ముందు బీ లెక్క

అనుభవం లేనివారు ముందుగా పంప్ డయోడ్ల, అంటే ఫైబర్‌కు శక్తిని అందించే లేజర్ డయోడ్ల, వాట్లు లెక్కపెడతారు. నా అభిప్రాయంలో లెక్కపెట్టవలసింది రేడియన్లను. కాంతి తీవ్రత పెరిగే కొద్దీ గాజు వక్రీభవన గుణకం స్వల్పంగా పెరుగుతుంది. ఫైబర్ గాజైన సిలికాకు ఈ అరేఖీయ గుణకం వాట్‌కు సుమారు 2.6 × 10⁻²⁰ చదరపు మీటర్లు. చూడటానికి ఇది లేనట్టే ఉంటుంది. కానీ ఫైబర్‌లో కాంతి సన్నని కోర్‌లో బందీ అయి చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టి, పల్స్ మధ్యభాగం తన అంచులకంటే ఎక్కువ దశను కూడగట్టుకుంటుంది. ఇలా కూడిన మొత్తం దశనే బీ ఇంటిగ్రల్ అంటారు. తీవ్రతను, అరేఖీయ గుణకాన్ని, దూరాన్ని గుణించి, దాన్ని 2π తో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే అది వస్తుంది. బీ 1 రేడియన్ లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. π వరకు ఓర్చుకోవచ్చు. అది దాటితే, చివర్లో ఎంత మంచి కంప్రెసర్ (పల్స్‌ను కుదించే పరికరం) పెట్టినా పల్స్ శుభ్రంగా కుదించుకోదు.

మన లక్ష్యానికి ఈ లెక్క వేసి చూద్దాం. కంప్రెసర్‌లో పోయేది పోగా 50 మైక్రోజౌళ్లు మిగలాలంటే ప్రధాన యాంప్లిఫయర్ నుంచి 60 రావాలి. 300 ఫెమ్టోసెకండ్ల పల్స్‌ను నేరుగా ఆ శక్తికి పెంచితే శిఖర శక్తి 200 మెగావాట్లు అవుతుంది. సిలికాలో కాంతి తనంతట తానే కేంద్రీకృతమై గాజును పేల్చివేసే హద్దు సుమారు 4 మెగావాట్లు. కోర్‌ను ఎంత పెద్దది చేసినా ఈ హద్దు మారదు, ఎందుకంటే అది తీవ్రతకు కాదు, మొత్తం శిఖర శక్తికి సంబంధించినది. మనం దానికి 50 రెట్లు పైన ఉన్నాము. కనుక నేరుగా పెంచే దారి మూసుకుపోయినట్టే.

తెరిచి ఉన్న దారి 1985లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ చూపినది. పల్స్‌ను ముందు కాలంలో సాగదీసి, సాగిన పల్స్‌ను పెంచి, ఆ తర్వాత తిరిగి కుదించడమే ఆ పద్ధతి. దాని పేరు చిర్ప్‌డ్ పల్స్ యాంప్లిఫికేషన్. 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం వీరిద్దరికి దక్కింది. వారు పల్స్‌ను సాగదీసింది 1.4 కిలోమీటర్ల ఫైబర్‌లోనే అన్నది మన విషయానికి దగ్గరి సంగతి.

పల్స్‌ను 500 పికోసెకండ్లకు సాగదీశామనుకోండి. 60 మైక్రోజౌళ్ల దగ్గర శిఖర శక్తి 120 కిలోవాట్లకు దిగుతుంది. ఇప్పుడు ప్రధాన యాంప్లిఫయర్ ఫైబర్ పొడవు 80 సెంటీమీటర్లు, వృద్ధి 30 రెట్లు అనుకుందాం. శక్తి ఘాతీయంగా పెరుగుతుంది కాబట్టి, చివరి తీవ్రత వద్ద ప్రభావం చూపే పొడవు దాదాపు 24 సెంటీమీటర్లే. కాంతి మోడ్ (కోర్‌లో కాంతి పరుచుకొనే ఆకారం) వ్యాసం 30 మైక్రాన్లయితే బీ 6 రేడియన్లు దాటుతుంది, 60 మైక్రాన్లయితే సుమారు 1.6 దగ్గర ఆగుతుంది. ఏ ఫైబర్ కొనాలో ఈ లెక్కే చెప్పేసింది. ఇకపై ప్రతి మెట్టులోనూ ఈ బీ ఖాతాకు ఎంత చేరుతోందో రాసుకుంటూ పోదాం.

రెండవ మెట్టు: సీడ్ లేజర్

300 ఫెమ్టోసెకండ్ల గౌసియన్ పల్స్‌కు 1030 నానోమీటర్ల దగ్గర కనీసం 5.2 నానోమీటర్ల వర్ణపట వెడల్పు కావాలి. యిటర్బియం వృద్ధి వర్ణపటం మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. అందువల్ల ఒక్కో యాంప్లిఫయర్ దాటేకొద్దీ అంచులు అరిగి వర్ణపటం సన్నబడుతుంది. కాబట్టి 8 నుంచి 10 నానోమీటర్లతో మొదలుపెట్టండి. పెంచబోయే తొలి పల్సులను ఇచ్చే ఈ సీడ్‌గా, 40 మెగాహెర్ట్‌జ్ వేగంతో, 40 మిల్లీవాట్ల సగటు శక్తితో నడిచే మోడ్‌లాక్ అయిన (పొట్టి పల్సులను క్రమంగా పుట్టించే) ఫైబర్ ఆసిలేటర్ సరిపోతుంది. ఒక్కో పల్స్‌లో 1 నానోజౌల్ ఉంటుంది.

ఆసిలేటర్ నుంచి చివరి దాకా ధ్రువణాన్ని కాపాడే ఫైబర్‌నే వాడండి. ప్రతి స్ప్లైస్ తర్వాత ధ్రువణ నిష్పత్తి కొలిచి, 20 డెసిబెల్స్‌కు తగ్గితే ఆ స్ప్లైస్‌ను కోసేసి మళ్లీ చేయండి. తప్పుడు అక్షంలోకి జారిన కాంతి వేరే వేగంతో ప్రయాణించి, తర్వాతి స్ప్లైస్ దగ్గర అసలు కాంతితో వ్యతికరణం చెందుతుంది. అప్పుడు వర్ణపటం మీద సన్నని అలలు వస్తాయి. సాగదీసిన పల్స్‌లో కాలం, తరంగదైర్ఘ్యం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కనుక ఆ అలలు పల్స్ తీవ్రత మీద కూడా అలలై నిలుస్తాయి. ప్రధాన యాంప్లిఫయర్‌లో బీ వాటిని దశలోకి ముద్ర వేస్తుంది. కుదించాక అసలు పల్స్‌కు ముందూ వెనుకా పిల్ల పల్సులు కనిపిస్తే, తప్పు కంప్రెసర్‌ది కాక ఎక్కడో మొదటి మీటర్లో ఉన్న స్ప్లైస్‌ది కావచ్చు.

మూడవ మెట్టు: పల్స్‌ను సాగదీయడం

300 ఫెమ్టోసెకండ్లను 500 పికోసెకండ్లు చేయాలంటే ప్రతి నానోమీటర్‌కు సుమారు 100 పికోసెకండ్ల ఆలస్యం కల్పించాలి. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌తో ఇది సాధ్యమే, సుమారు 2.5 కిలోమీటర్లు పడుతుంది. చవకగా ఉంటుంది, అలైన్‌మెంట్ అక్కర్లేదు. అయినా మన లక్ష్యానికి నేను దాన్ని సిఫారసు చేయను. ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో వేగంతో వెళ్లడమే విక్షేపణం. ఫైబర్ రెండవ కోటి (సెకండ్ ఆర్డర్) విక్షేపణం ధనాత్మకం, గ్రేటింగ్ కంప్రెసర్‌ది రుణాత్మకం. ఈ రెండూ చక్కగా రద్దవుతాయి. మూడవ కోటి విక్షేపణం మాత్రం రెండింటిలోనూ ధనాత్మకమే. అది రద్దు కాకపోగా కూడుతుంది, పల్స్‌కు ఒకవైపు పొడవాటి తోక మిగులుతుంది.

మేలైన మార్గం చిర్ప్‌డ్ ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్. అరచేతిలో ఇమిడే ఈ భాగంలో ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో లోతు నుంచి పరావర్తనం చెందుతుంది. మీ కంప్రెసర్ కొలతలు ఇచ్చి, మూడవ కోటి విక్షేపణం కూడా దానికి సరిపోయేలా చేయించుకోండి. ఆర్డర్ పెట్టే ముందే కంప్రెసర్ గ్రేటింగు గీతల సాంద్రత, పతన కోణం నిర్ణయించుకోవాలి, తర్వాత మార్చుకొనే వీలుండదు. పరావర్తన పట్టీ వెడల్పు కనీసం 10 నానోమీటర్లు ఉండాలి. అంతకంటే సన్నగా ఉంటే వర్ణపటం అంచులు కత్తిరించినట్టు తెగిపోయి, కుదించిన పల్స్ చుట్టూ నీడలు వస్తాయి. ఉష్ణోగ్రతతో విక్షేపణాన్ని కొద్దిగా సవరించుకొనే రకం దొరికితే అదనపు ఖర్చుకు వెనుకాడకండి, చివరి మెట్టులో అది మీ రుణం తీర్చుకుంటుంది. పరావర్తనం చెందిన కాంతిని వేరే దారికి మళ్లించే సర్క్యులేటర్‌తో కలిపి ఇక్కడ సగానికి పైగా శక్తి పోతుంది. పోనివ్వండి, ఇది తిరిగి తెచ్చుకోగల శక్తే.

నాలుగవ మెట్టు: తొలి యాంప్లిఫయర్లు, పల్స్ పికర్

మొదటి యాంప్లిఫయర్ 40 మెగాహెర్ట్‌జ్ దగ్గరే పల్సులను 200 మిల్లీవాట్లకు, అంటే ఒక్కోదాన్ని 5 నానోజౌళ్లకు పెంచుతుంది. తర్వాత ఫైబర్‌కు అమర్చిన అకౌస్టో ఆప్టిక్ మాడ్యులేటర్ (ధ్వని తరంగాలతో కాంతిని మళ్లించే పల్స్ పికర్) ప్రతి 40 పల్సుల్లో ఒక్కదాన్ని మాత్రమే వదులుతుంది. పల్సుల మధ్య ఎడం 25 నానోసెకండ్లే కాబట్టి, మాడ్యులేటర్ అంతకంటే త్వరగా తెరుచుకొని మూసుకోవాలి. ఆపిన 39 పల్సులు ఎంత కారుతున్నాయో కూడా చూడండి. అణచివేత 40 డెసిబెల్స్ ఉంటే ఆ లీకు మొత్తం 0.4 శాతం, 30 మాత్రమే ఉంటే 4 శాతం. ఫోటోడయోడ్ తెరపై గీత చదునుగా కనిపించిందని వదిలేయవద్దు, వోల్టేజి స్కేలును పెద్దది చేసి ఒక్కో చిన్న శిఖరాన్నీ కొలవండి.

ఇక్కడ నష్టాలు పోగా 2.5 నానోజౌళ్లు మిగులుతాయి. రెండవ యాంప్లిఫయర్, అదీ సింగిల్ మోడ్ ఫైబరే, వాటిని 50 నానోజౌళ్లకు తెస్తుంది. ఈ యాంప్లిఫయర్ లోపల బీ చాలా తక్కువ. కానీ దాని తర్వాత వచ్చే మామూలు ఫైబర్ ముక్కే ఖాతాను పెంచేది. 7 మైక్రాన్ల మోడ్‌లో 50 నానోజౌళ్ల పల్స్ ఒక మీటరు నడిస్తే 0.4 రేడియన్ చేరుతుంది. కాంతిని ఒకే దిశలో వదిలే ఐసొలేటర్‌కు ఉండే ఫైబర్ తోకను (పిగ్‌టెయిల్) అలాగే చుట్టలు చుట్టి వదిలేయడం అందరూ చేసే పనే. ఇక్కడ మాత్రం దాన్ని 20, 30 సెంటీమీటర్లకు కత్తిరించండి. మూడవ యాంప్లిఫయర్‌కు 30 మైక్రాన్ల కోర్, దాని చుట్టూ పంప్ కాంతిని మోసే 250 మైక్రాన్ల క్లాడింగ్ ఉన్న డబుల్ క్లాడ్ ఫైబర్ సుమారు ఒక మీటరు వాడి 2 మైక్రోజౌళ్లకు, అంటే 2 వాట్లకు చేరుకోండి. బీ ఖాతాలో ఇది అర రేడియన్ లోపే. ప్రతి యాంప్లిఫయర్‌కూ మధ్య ఐసొలేటర్ తప్పనిసరి.

అయిదవ మెట్టు: ప్రధాన యాంప్లిఫయర్

మొదటి మెట్టులో లెక్క చెప్పిన 60 మైక్రాన్ల మోడ్ కోసం రాడ్ రకం ఫోటోనిక్ క్రిస్టల్ ఫైబర్ కావాలి. కోర్ 85 మైక్రాన్లు, పొడవు 80 సెంటీమీటర్లు. పేరుకే ఫైబర్ గాని, ఇది మిల్లీమీటరుకు పైగా మందం ఉండే గాజు కడ్డీ. వంచితే మోడ్ పాడవుతుంది, కనుక నిటారైన గాడిలో పడుకోబెట్టాలి. పంప్ కాంతి ఎక్కువ సంఖ్యలో మోడ్‌లతో వెడల్పైన క్లాడింగ్‌లో ప్రయాణిస్తూ కోర్‌ను దాటినప్పుడల్లా శోషణ చెందుతుంది.

యిటర్బియంనే ఎందుకు ఎంచుకున్నామో ఇక్కడ తెలుస్తుంది. 976 నానోమీటర్ల దగ్గర పంప్ చేసి 1030 దగ్గర తీసుకుంటే ఒక్కో ఫోటాన్‌కు పోయే శక్తి 5 శాతం చిల్లరే. వేడి తక్కువ. అయితే 976 దగ్గరి శోషణ శిఖరం సన్ననిది. మామూలు డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్ చొప్పున జరుగుతుంది. కాబట్టి తరంగదైర్ఘ్యం స్థిరపరిచిన డయోడ్లనే తీసుకోండి. 60 వాట్లు రావాలంటే 100 వాట్లకు పైగా పంప్ పడుతుంది.

పంప్‌ను సిగ్నల్‌కు ఎదురు దిశలో, అంటే బయటికొచ్చే చివర నుంచి, డైక్రోయిక్ అద్దం (ఒక తరంగదైర్ఘ్యాన్ని వదిలి మరొకదాన్ని పరావర్తనం చేసేది) ద్వారా పంపండి. అప్పుడు వృద్ధి చివరి భాగంలో ఎక్కువ జరుగుతుంది, పల్స్ పెద్ద శక్తితో ప్రయాణించే దూరం తగ్గుతుంది, బీ తగ్గుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఖాతాలో వచ్చే ఆదా ఇది.

చివరి ముఖం సంగతి విడిగా చెప్పాలి. 60 మైక్రాన్ల మోడ్ నుంచి 60 మైక్రోజౌళ్లు గాజు దాటి గాలిలోకి వచ్చే చోట, మధ్యలో ప్రతి చదరపు సెంటీమీటర్‌కు సుమారు 4 జౌళ్లు పడుతుంది. గాజు లోపలి భాగం దీన్ని తట్టుకుంటుంది. ఉపరితలం, అందులోనూ దుమ్ము ఉన్న ఉపరితలం, తట్టుకుంటుందన్న నమ్మకం లేదు. అందుకే చివర కోర్ లేని సిలికా ముక్కను, అంటే ఎండ్ క్యాప్‌ను, అతికిస్తారు. అందులో కాంతి విస్తరించి, ముఖం చేరేసరికి తీవ్రత ఎన్నో రెట్లు తగ్గుతుంది. ముఖానికి పరావర్తనాన్ని అణచే పూత ఉండాలి. ప్రతిసారీ పంప్ వేసే ముందు ఆ ముఖాన్ని సూక్ష్మదర్శినిలో చూడటం అలవాటు చేసుకోండి. పక్క నుంచి టార్చి వేస్తే శుభ్రమైన ముఖం నల్లగా ఉంటుంది, ఒక్క దుమ్ము రేణువున్నా నక్షత్రంలా మెరుస్తుంది. అది తుడిస్తే పోయిందంటే సరే. తుడిచినా అదే చోట మెరుస్తుంటే అది గుంట. ఆ రోజు పని ఆపాల్సిందే.

నీటి చల్లదనం విషయంలో మన వాతావరణానికి ఒక మాట. డయోడ్లకు 18 లేదా 20 డిగ్రీల నీరు ఇవ్వమని చాలా సూచన పత్రాలు చెబుతాయి. వానాకాలంలో విశాఖపట్నంలోనో కాకినాడలోనో గది గాలి తుషార బిందువు 25 డిగ్రీల దాకా ఉండవచ్చు. ఏసీ ఆగిన ఆదివారం తర్వాత సోమవారం ఉదయం చిల్లర్ వేస్తే డయోడ్ల మీద, గాజు ముఖాల మీద నీరు పడుతుంది. తేమ కొలిచాకే చిల్లర్ వేయండి.

ఇంతకంటే పైకి వెళ్లాలనుకొనేవారికి ఎదురయ్యే గోడ బీ కాదు, మోడ్ అస్థిరత. సగటు శక్తి ఒక హద్దు దాటగానే అప్పటిదాకా గుండ్రంగా నిలకడగా ఉన్న కిరణం మిల్లీసెకండ్ల వేగంతో కదలాడటం మొదలుపెడుతుంది. రెండు మోడ్‌ల వ్యతికరణం కోర్‌లో వేడి చారలను ఏర్పరచి, ఆ చారలే శక్తిని ప్రధాన మోడ్ నుంచి పై మోడ్‌లోకి నెట్టడం దీనికి కారణం. జర్మనీలోని జెనా బృందం 2010లో ఒకే ఫైబర్ మార్గం నుంచి 830 వాట్ల ఫెమ్టోసెకండ్ పల్సులను చూపింది. ఈ అస్థిరతను స్పష్టంగా నమోదు చేసినవారిలోనూ వారే ముందున్నారు. తర్వాత వారు పట్టిన దారి ఒకే ఫైబర్‌ను ఇంకా పిండటం కాదు. పల్స్‌ను 12 యాంప్లిఫయర్లకు పంచి, దశలు కలిసేలా తిరిగి ఒకటి చేసి, 2020లో 10.4 కిలోవాట్లు సాధించారు. మన 60 వాట్లు ఆ హద్దుకు సుఖంగా కిందనే ఉన్నాయి.

ఆరవ మెట్టు: కాపలా సర్క్యూట్

యిటర్బియం పై స్థాయిలో శక్తి సుమారు ఒక మిల్లీసెకండు నిలుస్తుంది. పల్సులు ప్రతి మైక్రోసెకండుకూ వస్తూ ఆ శక్తిని తోడుకుపోతుంటే అంతా సవ్యం. సీడ్ ఆగి పంప్ నడుస్తూ ఉంటే వృద్ధి పేరుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి పల్సో, ఎక్కడి నుంచో వచ్చిన స్వల్ప పరావర్తనమో ఆ మొత్తాన్ని ఒక్కసారిగా లాక్కొని ఫైబర్ ముఖాన్ని పేలుస్తుంది. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో వదులైన ఒక కనెక్టర్‌ను ఎవరో తాకారు. సీడ్ కన్ను ఆర్పినంతసేపు పోయి తిరిగి వచ్చింది. చిన్న టిక్ మన్న శబ్దం వినబడింది, అంతే. ఆరు నెలలు ఎదురుచూసి తెప్పించుకున్న కడ్డీ చివర తెల్లగా పగిలిపోయింది.

కాబట్టి ప్రతి యాంప్లిఫయర్ ముందు ఒక ఫోటోడయోడ్ పెట్టండి. పల్సు రావడం ఆగితే కొన్ని మైక్రోసెకండ్లలో పంప్ కరెంటు తెగిపోవాలి. ఈ నిర్ణయం హార్డ్‌వేర్ సర్క్యూట్‌లోనే జరగాలి, కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద ఆధారపడవద్దు. వేసేటప్పుడు సీడ్ నుంచి ప్రధాన పంప్ వైపు, ఆపేటప్పుడు ప్రధాన పంప్ నుంచి సీడ్ వైపు వెళ్లాలి.

ఏడవ మెట్టు: కంప్రెసర్

మిల్లీమీటరుకు 1740 గీతలున్న సిలికా ట్రాన్స్‌మిషన్ గ్రేటింగులు రెండు తీసుకోండి. వీటికి సరైన పతన కోణం సుమారు 64 డిగ్రీలు. కిరణం రెండు గ్రేటింగులనూ దాటి, చివర పైకప్పు ఆకారపు అద్దం నుంచి వేరే ఎత్తులో తిరిగి వస్తుంది, అంటే మొత్తం నాలుగుసార్లు వివర్తనం చెందుతుంది. ఒక్కో సారికి సామర్థ్యం 96 శాతమైతే చివరికి 85 శాతం మిగులుతుంది. 90 శాతమైతే 66కు పడిపోతుంది. గ్రేటింగుల దగ్గర పొదుపు చేసినవారు పంప్ డయోడ్లలో దానికి రెట్టింపు కడతారు.

కిరణం వెంట గ్రేటింగుల మధ్య దూరం 1 మీటరైతే, రెండు సార్లు దాటాక ప్రతి నానోమీటర్‌కు సుమారు 105 పికోసెకండ్ల విక్షేపణం వస్తుంది. ఇది మన స్ట్రెచర్‌కు, అంటే పల్స్‌ను సాగదీసిన బ్రాగ్ గ్రేటింగ్‌కు, జత. ఈ దూరంలో 10 నానోమీటర్ల వర్ణపటం రెండవ గ్రేటింగ్ ముఖం మీద దాదాపు 9 సెంటీమీటర్లు పరుచుకుంటుంది. కిరణం వెడల్పు కూడా కలుపుకొని రెండవ గ్రేటింగ్ 10 సెంటీమీటర్లకు మించి ఉండాలి. చిన్నది కొని వర్ణపటం అంచులు కోల్పోయినవారిని చూశాను కనుక ఈ కొలత మరీ మరీ చెబుతున్నాను.

అలైన్‌మెంట్‌ను పంప్ తక్కువగా ఉంచి చేయండి. ముందు రెండు గ్రేటింగుల ముఖాలు సమాంతరంగా, తర్వాత గీతలు సమాంతరంగా ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా, బయటికొచ్చే కిరణంలో పొడవైన తరంగదైర్ఘ్యాలు ఒక పక్క, పొట్టి తరంగదైర్ఘ్యాలు మరో పక్క నిలుస్తాయి. పరీక్ష సులభమే. కిరణానికి అడ్డంగా కాగితం అంచును మెల్లగా జరుపుతూ వర్ణపటాన్ని చూడండి. వర్ణపటం ఆకారం మారకుండా ఎత్తు మాత్రమే తగ్గాలి. ఒకవైపు నుంచి తరిగిపోతుంటే గ్రేటింగ్ కోణం సవరించండి.

ఎనిమిదవ మెట్టు: కొలుస్తూ సరిచేయడం

పల్స్‌ను దాని నకలుతోనే పోల్చి నిడివి కొలిచే ఆటోకోరిలేటర్ తెరను చూస్తూ రెండవ గ్రేటింగ్‌ను కదపండి. సరైన చోటుకు దూరంగా ఉన్నప్పుడు 1 మిల్లీమీటర్ కదలికకు పల్స్ సుమారు అర పికోసెకండ్ మారుతుంది. దగ్గరికి వచ్చాక 0.1 మిల్లీమీటర్ అడుగులు వేయండి. 300 ఫెమ్టోసెకండ్ల గౌసియన్ పల్స్‌కు ఆటోకోరిలేషన్ వెడల్పు 424 ఫెమ్టోసెకండ్లు కనిపించాలి.

వెడల్పు సరిపోయిందని సంతృప్తి పడకండి. ఆటోకోరిలేషన్ ఎప్పుడూ రెండు వైపులా సమంగానే కనిపిస్తుంది కాబట్టి పల్స్‌కు తోక ఎటుందో అది చెప్పదు, శక్తిలో ఎంత భాగం అడుగున విస్తరించి ఉందో కూడా సులభంగా దాచేస్తుంది. వీలైతే ఆటోకోరిలేషన్‌ను వర్ణపటంగా విడదీసి చూసే ఫ్రాగ్ (FROG) పద్ధతిలో కొలిచి దశను కూడా చూడండి. తోక మూడవ కోటి విక్షేపణం వల్లనైతే పతన కోణాన్ని డిగ్రీలో చిన్న భాగాలుగా మార్చి, ప్రతిసారీ దూరాన్ని తిరిగి సర్దండి, లేదా బ్రాగ్ గ్రేటింగ్ ఉష్ణోగ్రతను వాడుకోండి.

తోక బీ వల్ల వచ్చిందా, విక్షేపణం వల్ల వచ్చిందా అన్నది తేల్చడానికి ఒక నమ్మకమైన మార్గం ఉంది. 10 వాట్ల దగ్గర పల్స్‌ను బాగా కుదించి, కంప్రెసర్‌ను ముట్టుకోకుండా శక్తిని 20, 40, 60 వాట్లకు పెంచుతూ ప్రతి చోటా ఆటోకోరిలేషన్‌ను భద్రపరచండి. 10 వాట్ల దగ్గరే తోక ఉంటే అది విక్షేపణానిది. శక్తితోపాటు పెరుగుతుంటే అది బీది. మన ఖాతాలో సింగిల్ మోడ్ ఫైబర్ల అర రేడియన్, మూడవ యాంప్లిఫయర్ అర రేడియన్, ప్రధాన కడ్డీ 1.6 కలిపి సుమారు 2.6, అంటే π లోపే. తెర మీద అంతకంటే ఎక్కువ వికృతి కనిపిస్తే లెక్కలో చేరని ఫైబర్ ముక్క ఎక్కడో మిగిలి ఉందని అర్థం. దాన్ని వెతికి కత్తిరించండి.

చివరగా వ్యవస్థను పూర్తి శక్తితో ఎనిమిది గంటలు నడిపించి, ప్రతి గంటకూ సగటు శక్తి, వర్ణపటం, కిరణం ఆకారం, ఆటోకోరిలేషన్ నమోదు చేయండి. పంప్ మార్చకుండానే శక్తి మెల్లగా తగ్గుతుంటే ముందు ఎండ్ క్యాప్ ముఖాన్ని, తర్వాత పంప్ తరంగదైర్ఘ్యాన్ని, ఆ తర్వాతే యిటర్బియం గాజు నల్లబడటాన్ని అనుమానించండి. మొదటి రోజు తీసిన నాలుగు గ్రాఫులను అచ్చు వేసి బల్ల పక్కన గోడకు అంటించండి. ఆరు నెలల తర్వాత ఏదో తేడాగా ఉందనిపించిన రోజున పోల్చి చూసుకోవడానికి అవే కావాలి.